వేలు దించని అప్ప

ఒలే చిట్టీ, ఒరే బుజ్జీ, ఇద్దరూ వినండి. అమ్మమ్మకి మతిమరుపు వస్తోంది, డాక్టరుకి చూపించమని మీ అమ్మతో అన్నారట కదా. మీ అమ్మ కడుపులో మాట దాగదు, చెప్పీసింది. నాకేం కోపం రాలేదు. నవ్వొచ్చింది.

ఫోన్లో మీరేటి చెప్పినా నేను మళ్ళీ అదే మాట మీకు తిరిగి చెప్తున్నాననే కదా మీ బెంగ? "నీకు పరీక్ష బుధవారం. పొద్దున్న. బస్సులో వెళ్తావు. అంతేనా?" అంటాను. చిట్టి అక్కడ పూనాలో నెత్తి కొట్టుకుంటుంది, "అబ్బా, అభీ తో బోలా అమ్మమ్మా, ఇప్పుడే కదా చెప్పాను" అని. బుజ్జిగాడైతే "ఊఁ, ఊఁ" అనీసి ఫోన్ పెట్టీస్తాడు.

అది మతిమరుపు కాదమ్మా. ఒక మనిషి దగ్గర్నించి అంటుకున్న అలవాటు. ఆవిడ ఈ వానల్లో పోయింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ పని ఆవిడే చేసీది, నాకు అవసరం పడలేదు. ఇప్పుడు చేసీవాళ్ళు లేరు కదా, నా నోటికొచ్చి కూర్చుంది. అందుకని ఆవిడ గురించి చెప్దామని ఈ ఫోన్లో రికార్డు నొక్కాను. పెద్దదే అవుతుంది. అన్నం తింటూ వినండి, బస్సులో వినండి. మాట అర్ధం కాపోతే వెనక్కి తిప్పి వినండి.

ఆవిడ పేరు చెప్పను. పేరు పెట్టి పిలిస్తే ఆవిడ పలికీది కాదు, అంచేత నాకూ నోరు రాదు. మన తెలుగువాళ్ళందరం అప్ప అనీవాళ్ళం. మన విజినారం వైపు అక్కని అలాగే అంటారు. హిందీవాళ్ళు దీదీ అనీవారు. వయసులో నాకన్నా బాగా పెద్దది. ఈ భిలాయిలోనే మొదట క్యాంప్ టూలో ఉండీవారు, తరవాత ఇక్కడ వైశాలి నగర్‌లో మన వెనక సందులోకి వచ్చారు. పొట్టిగా, బొద్దుగా, నడిస్తే చెప్పులు టపాటపా. కళ్ళజోడుకి తాడు కట్టుకుని మెళ్ళో వేసుకునీది. ఎడం చెవి కొంచెం అణిగిపోయి ఉండీది. "ఇది నా సర్వీసు మెడల్, ప్లాంటు వాళ్ళిచ్చింది" అని ఆ చెవిని తిప్పి చూపించీది.

ఎందుకంటే ఆవిడ ఇక్కడి స్టీలు ప్లాంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. మీకు తెలీదు గానీ, ఆ రోజుల్లో ఫోన్ దానంతటది కలిసీది కాదు. ఒక మనిషి కూర్చుని, చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని, చేత్తో వైరు తీసి ఒక చిల్లులోంచి ఇంకో చిల్లులో గుచ్చితే అవతలివాడితో మాట కలిసీది. గొంతుకలన్నీ ఆవిడ చెవిలోంచే వెళ్ళీవి. కోక్ ఓవెన్ వాడు గేస్ వాడికి ఏదైనా తొందర కబురు చెప్పాలంటే, అవతలివాడు లైన్లో దొరక్కపోతే, ఆ కబురు ఈవిడే అందుకోవాలి. అందుకున్నది తిరిగి చెప్పాలి. చెప్పినవాడు "అవును, అదే" అంటేనే వైరు తియ్యాలి. అది రూలు. ప్లాంటులో ఒక మాట అటూ ఇటూ అయితే ఎవడి చెయ్యో కాలో పోతుంది కదా మరి.

ఆ తిరిగి చెప్పినంతసేపూ ఆవిడ కుడిచేతి చూపుడువేలు పైకెత్తి ఉంచీది. పక్క కుర్చీలో ఆపరేటరు పొరపాటున వైరు పీకీకుండా ఆ వేలు గుర్తు. మాట సరే అయ్యాక వేలు దించీది. ఉద్యోగం అయిపోయింది, ఆ బోర్డూ ఆ వైర్లూ తుక్కులోకి వెళ్ళిపోయాయి, వేలు మాత్రం ఉండిపోయింది.

ఆవిడతో మాటాడ్డం అంటే ఏటో చెప్తాను. నేను "అప్పా, తలనొప్పిగా ఉంది" అంటాను. వేలు లేస్తుంది. "నీకు తలనొప్పి. పొద్దుటి నుంచి. కాఫీ తాగినా తగ్గలేదు. అంతేనా?" నేను కాఫీ మాటే ఎత్తలేదు కదా! "లేదప్పా, ఇవాళ కాఫీయే తాగలేదు" అంటాను. అప్పుడు మొహం చూడాలి, దీపం పెట్టినట్టు అయిపోయీది. "ఆఁ! అదీ!" అని చప్పట్లు కొట్టీది. తను చెప్పింది తప్పని తేలితే అంత సంతోషం ఇంకో మనిషికి నేను చూళ్ళేదు. మనకి తప్పంటే మొహం ముడుచుకుపోతుంది కదా. ఆవిడకి విప్పుకునీది.

వాళ్ళాయన కోక్ ఓవెన్స్‌లో చేసీవారు. మాటలు తక్కువ, కోపం ఎక్కువ. ఓ రోజు నేను వాళ్ళింట్లో ఉండగానే కంచం తోసీసి "నేనింక ఈ ఇంట్లో అన్నం తినను" అన్నారు. ఇంకొకళ్ళైతే ఏడుస్తారు, లేపోతే తిరిగి అరుస్తారు. ఈవిడ వేలెత్తింది. "మీరు అన్నం తినరు. ఈ ఇంట్లో. ఇవాళా, ఎప్పుడూనా? వరండాలో పెడితే?" అంది. వెటకారం కాదమ్మా, నిజంగా తెలుసుకుందామని. ఆయన ఫక్కున నవ్వీసి, "వంకాయలో ఉప్పు లేదే, అంతే" అన్నారు. "ఆఁ! అదీ!" అని ఈవిడ ఉప్పు తెచ్చింది. ఆయన నాతో అనీవారు, "చెల్లెమ్మా, దీంతో దెబ్బలాడ్డం కుదరదు. నా కోపం నాకే తిరిగి వినిపిస్తుంది."

కొత్త వస్తువు కనిపిస్తే ఆవిడకి కాళ్ళు ఆగవు. కూరల బండి దగ్గర ఎవరి సంచీలో ఏదుందో తొంగి చూసీది. "అదేటి భయ్యా? ఎక్కడ కాస్తుంది? పచ్చిది తింటే ఏటవుతుంది?" వాళ్ళు చెప్తే మళ్ళీ వాళ్ళకే అప్పచెప్పీది. మార్కెట్లో కుర్రాళ్ళు ఆవిణ్ణి దూరం నించి చూసి "రికార్డింగ్ దీదీ ఆ రహీ హై" అని నవ్వుకునీవారు. గుళ్ళో పంతులుగారు ఆవిడ కనిపిస్తే మంత్రం బేగి చదివీవారు, మధ్యలో ఆపి అర్ధం అడుగుతుందని.

అలాగే దొరికింది మాకు సుక్‌వారా.

సుక్‌వారా అడవి వైపు మనిషి. రైల్లో పడుకుంటే తెల్లారీసరికి వచ్చీ ఊరు వాళ్ళది. ఎండాకాలం మొదలయ్యేసరికి చార్ పప్పు, అదే మన సారపప్పు, తెందూ పళ్ళు, అంటే తునికి పళ్ళు, ఇప్పపూలు గంపలకెత్తుకుని క్యాంప్ టూలో ఉన్న వాళ్ళ తమ్ముడింటికి వచ్చి దిగీది. అయిపోయేదాకా మన సందుల్లో అమ్మీది. సన్నటి మనిషి, చేతులనిండా పచ్చబొట్లు. ఆ పచ్చబొట్లు చూసే అప్ప ఆపింది. తెందూ పండు ఎలా ముగ్గుతుందో అడిగి, తిరిగి చెప్పి, తప్పు చెప్పి, "ఆఁ! అదీ!" అనీసరికి సుక్‌వారాకి నవ్వాగలేదు. ఆ రోజు నించి గంప ముందు అప్ప గుమ్మంలోనే దిగీది. ఆవిడ ఛత్తీస్‌గఢీ, ఈవిడ ప్లాంటు హిందీ. ఎవరిదెవరికి ఎంత అర్ధమయ్యీదో వాళ్ళకే తెలియాలి. పొద్దు గూకేదాకా మాటలే.

రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో సుక్‌వారా గంప దించి, నీళ్ళు కూడా తాగకుండా చెప్పింది. వాళ్ళ ఊరవతల సర్కారు భూమి ఉంది. కొంత అడవి, కొంత మేత, మధ్యలోంచి ఒక వాగు. దాని కింద ఎంతో లోతున బొగ్గు పొరలున్నాయట, ఆ పొరల్లో గేస్ ఉందట. అది తియ్యడానికి ఆ భూమి ఒక కంపెనీకి లీజుకిస్తారట. ఇచ్చేముందు చెట్టూ నీరూ జంతువూ ఏమవుతాయో చూసి రిపోర్టు రాశారట. ఇప్పుడు టెంటు వేసి, సాహెబులొచ్చి, ఊళ్ళోవాళ్ళని అడుగుతారట. జనసున్వాయి అంటారు దాన్ని. మీకు తెలిసే ఉంటుంది.

"మా ఆడవాళ్ళు నన్ను మాటాడమన్నారు దీదీ. బజారు తిరిగినదాన్ని కదా, మైకు ముందు భయపడనని. నేను చెప్తాను. వాళ్ళు వింటారా?"

అప్ప వేలెత్తింది. "సాహెబులు వస్తారు. మీరు చెప్తారు. వాళ్ళు రాసుకుంటారు. రాసుకున్నది మీకు తిరిగి చెప్తారా?"

"అది తెలీదు."

వేలు దిగలేదు. నా వైపు తిరిగి, "ఒలే, మనం వెళ్దామా?" అంది.

"మనమా? మనకేం పనప్పా అక్కడ?"

"పనేటి? చూసొద్దాం. అంత పెద్ద కబురు ఎవరందుకుంటారో, ఎలాగ అందుకుంటారో నాకు చూడాలనుంది."

మీ తాతగారు నవ్వలేక చచ్చారు. "వెళ్ళండి వెళ్ళండి. ఒకర్తి మోకాళ్ళు పట్టుకుని, ఒకర్తి కళ్ళజోడు పట్టుకుని. మీరెళ్ళకపోతే సర్కారు ఆగిపోదూ!" అని. అయినా రైల్లోకి చేగోడీలు పొట్లం కట్టి ఇచ్చారు. నిజం చెప్పాలంటే నాకూ చూడాలనిపించింది. పెళ్ళై భిలాయి వచ్చిందగ్గర్నించి నేను చిమ్నీలు తప్ప అడవి చూసిందేటి?

ముందురోజు సుక్‌వారా ఇంట్లోనే దిగాం. సాయంత్రం మమ్మల్ని ఆ వాగు దగ్గరికి తీసుకెళ్ళింది. వాగంటే నీళ్ళు పారుతుంటాయనుకున్నాను. చుక్క లేదు. వెడల్పాటి ఇసక. అటూ ఇటూ గట్లమీద చెట్లు. ఒక బూరుగు చెట్టెదురుగా ఇసకలో మనిషి మోకాలంత లోతు గొయ్యి ఉంది. అడుగున నీళ్ళు. సుక్‌వారా గిన్నెతో పైనీళ్ళు తోడి పారబోసింది. మేం చూస్తుండగానే అడుగునించి మెల్లిగా, సన్నగా, తేటగా మళ్ళీ ఊరింది. దాన్నే వాళ్ళు ఝిరియా అంటారు. ఊళ్ళో చెరువెండిపోయినప్పుడు ఊరంతా అదే తాగాలి, పశువులూ అదే. అప్ప అక్కడ చతికిలబడిపోయింది. "ఇదెక్కణ్ణించి వస్తోందే? ఎవరు పంపిస్తున్నారు?" అంటుంది. దోసిట్లో పోసుకు తాగి, "తియ్యగా ఉంది. ఇసక వాసన. అంతేనా?" అని నన్నడిగింది. నేనూ తాగాను. నిజమే, తియ్యగానే ఉంది.

మర్నాడు టెంటు. మన పెళ్ళిళ్ళకి వేస్తారు చూడండి, ఎరుపూ పచ్చా గుడ్డ, అదే. కుర్చీలకి తెల్ల తొడుగులు. ముందు వరసలో కూలర్లు. ఒక స్టాండు మీద పెద్ద మ్యాపు. పక్కన డబ్బాల్లో సమోసాలు, వాసనొస్తోంది. ఊళ్ళోవాళ్ళు చాలామంది కింద పట్టామీద. మాకు మాత్రం కుర్చీలిచ్చారు, పట్నం మొహాలని.

కంపెనీ తరఫున ఒకాయన, రిపోర్టు రాసిన ఒకాయన, పైన కూర్చుని వినే పెద్దాఫీసరు. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. నడివయసు, అలిసిపోయిన మొహం, మాటిమాటికీ కళ్ళు నులుముకునీవాడు. రిపోర్టాయన పుల్లతో మ్యాపు చూపిస్తూ చెప్పాడు. ఇది సర్కారు భూమి, ఇళ్ళు లేవు, ఏడాది పొడుగునా నీళ్ళుండే చోటు ఏదీ లేదు, బోరు వేసే చోటు ఇదిగో. ఆ పుల్ల కొన ఆనించిన చోటు వాగు పక్కనే. సుక్‌వారా నా మోచెయ్యి నొక్కింది.

ఆవిడ వంతొచ్చింది. మైకు మూతికి ఆనించుకుని మాటాడింది, మాటకన్నా గాలెక్కువ వినిపించింది. అయినా చెప్పింది. చైత్రం వైశాఖం వస్తే చెరువుండదు. ఇసకలో నీళ్ళు తీసుకుని బతుకుతాం. మీ మెషీను ఆ పక్కనే నేల కింది నీళ్ళు తోడి పారబోస్తుందంటున్నారు. మా నీళ్ళు ఎటు పోతాయి? ఆఫీసరు తలూపాడు, "నోట్ కర్ లియా" అన్నాడు. గుమాస్తా రాసుకున్నాడు. తరవాత ఇంకా చాలామంది మాటాడారు. ఉద్యోగాలన్నారు, రోడ్డన్నారు, కొందరు వద్దేవద్దన్నారు. ఎండెక్కింది. "ధన్యవాద్, అందరూ నాష్తా తీసుకెళ్ళండి" అని మైకులో వినిపించింది. కుర్చీలు కదిలాయి.

నేను లేచి చీర దులుపుకుంటున్నాను. పక్కకి చూస్తే అప్ప కూర్చునే ఉంది. వేలు పైకి.

"భయ్యా" అంది, పైకి చూస్తూ. మైకు లేదు, అయినా ఎక్స్ఛేంజి గొంతుక కదా, ఆఖరి దాకా వినిపించింది. "రాసింది ఓసారి తిరిగి చదవండి."

"మాతాజీ, అంతా రికార్డయింది. కెమెరా కూడా ఉంది."

"చదవండి బాబూ. మేం విని అవునంటాం. అంతే కదా."

వెనకాల నించి ఎవరో అరిచారు, "ఈ ముసలావిడెవరు? ఏ పార్టీ?"

అప్ప వెనక్కి తిరిగింది. "పార్టీ కాదు బేటా. టెలిఫోన్ ఎక్స్ఛేంజి."

టెంటంతా నవ్వు. ఆఫీసరు కూడా నవ్వాడు. "చదవాలి లెండి, రూలుందే" అని గుమాస్తాకి సైగ చేశాడు. గుమాస్తా గబగబా చదువుకుంటూ పోయాడు. సుక్‌వారా మాట దగ్గరికొచ్చింది. "గ్రామీణ మహిళ తాగునీటి ఏర్పాటు చెయ్యవలసిందిగా కోరినారు."

అప్ప వేలు ఇంకొంచెం పైకి లేచింది. "ఏర్పాటు చెయ్యమని కోరింది. సుక్‌వారా, నువ్వు కోరావా?"

సుక్‌వారా పట్టామీంచి లేచి నించుంది. "నేనేం కోరలేదు దీదీ. నీళ్ళున్నాయి. ఉన్నవాటిని ఉండనివ్వమన్నాను."

ఈసారి నవ్వు ఆడవాళ్ళ వైపు నించి వచ్చింది. గుమాస్తా కొట్టీసి మళ్ళీ రాయబోయాడు. ఆఫీసరు ఆపి, మ్యాపు దగ్గరికెళ్ళి, ఆ నీళ్ళెక్కడున్నాయో చూపించమన్నాడు. సుక్‌వారాకి మ్యాపు తెలీదు. నిన్న మేం చూశాం కదా, అప్ప చెప్పింది: "వాగులో, బూరుగు చెట్టెదురుగా." రిపోర్టాయన అక్కడ ఎర్ర పెన్నుతో చుక్క పెట్టాడు. కంపెనీ ఆయన దాని చుట్టూ సున్నా చుట్టి, "సరే, ఈ చోటు వదిలీసి ఆవల వేసుకుంటాం. మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. పెద్దమనిషి తరహాగానే అన్నాడు. ముందు వరసవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పని అయిపోయిందనుకున్నాను. చూస్తే అప్ప వేలు దిగలేదు.

"అప్పా, ఇచ్చీసారు కదే. దించు. అందరూ చూస్తున్నారు" అని చెవిలో అన్నాను.

"అది వాళ్ళ మాట. దీన్నడగొద్దూ?" అని సుక్‌వారా వైపు తిరిగింది. "బూరుగు చెట్టు దగ్గర నీళ్ళు. దాని చుట్టూ ఈ సున్నాంత చోటు వదిలీస్తారు. అంతేనా?"

అందరూ సుక్‌వారానే చూస్తున్నారు. పాపం, అవునంటే చాలు. సమోసాల డబ్బా మూత కూడా తీసీసారు. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"కాదు దీదీ."

"ఏటి?" అంది అప్ప, తెలుగులోనే.

"చెట్టు దగ్గర ఈ ఏడే. వానొస్తే వాగు నిండుతుంది, ఇసక పూడిపోతుంది. మళ్ళీ ఏడు నీళ్ళెక్కడుంటే అక్కడ తియ్యాలి. మా అత్త బండ దగ్గర తీసింది. మా అమ్మ నాడు వంపులో. నీళ్ళు ఇసక కింద నడుస్తుంటాయి. ఓ చోట కూర్చోవు."

అప్ప మొహం చూడాలి మీరు. నిన్నంతా అక్కడే కూర్చుంది, తాగింది, మ్యాపులో చూపించింది. అన్నీ తప్పే. ఆ కళ్ళజోడు వెనకాల కళ్ళు ఇంతింత అయిపోయాయి. "ఆఁ! అదీ!" అని చప్పట్లు కొట్టబోయి, వేలు దిగిపోతుందని ఆగిపోయింది. ఎత్తిన వేలు అలాగే ఉంచి, ఎడం చేత్తో తొడ మీద కొట్టుకుంది.

కంపెనీ ఆయన మొహం మాత్రం మారింది. "మాతాజీ, మీరడిగింది ఇచ్చాం. మళ్ళీ కాదంటారేటి?"

"నేను తప్పు చెప్పాను బాబూ. నా తప్పుకి మీరు సున్నా చుట్టారు. అందుకే అడిగి చూశాను."

ఆఫీసరు కళ్ళు నులుముకోడం మానీసాడు. రిపోర్టాయన్ని అడిగాడు, "మీరు చూడ్డానికొచ్చింది ఏ నెల్లో?"

"వానల్లో సార్. వాగు నిండుగా ఉంది. ఇసకే కనపళ్ళేదు." ఆ అబ్బాయి దాచలేదు. నాకది నచ్చింది.

ఆఫీసరు గుమాస్తా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆవిడ ఎలా చెప్పిందో అలాగే రాయి. నీ మాటలొద్దు" అన్నాడు. సుక్‌వారా మళ్ళీ మొదట్నించీ చెప్పింది, ఈసారి మైకు లేకుండా. గుమాస్తా రాశాడు, చదివాడు. అత్త బండా, అమ్మ వంపూ, నడిచే నీళ్ళూ అన్నీ వచ్చాయి. అప్ప చూసింది. సుక్‌వారా "హౌ" అంది. వాళ్ళ భాషలో అవునని.

అప్పుడు దిగింది వేలు. భుజం పట్టీసి, దారంతా నా చేత కొబ్బరినూనె రాయించుకుంది.

తిరిగి రైల్లో వస్తుంటే అడిగాను. "అప్పా, వాళ్ళు మానీస్తారంటావా?"

చేగోడీ నములుతూ కిటికీలోంచి చూస్తోంది. "నాకెలా తెలుస్తుందే? నేను లైను కలిపాను. అవతల ఏం మాటాడుకుంటారో ఆపరేటరు వినకూడదు." పొట్లంలోంచి ఇంకోటి తీసుకుని, "కానీ వినాలనుంది సుమా" అంది.

విందో లేదో చెప్తాను, ఆగండి.

ఆ చలికాలంలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. ఆ మాటే పోవాలా అని నేను దేవుడి గదిలో తలుపేసుకుని ఏడ్చాను. వాళ్ళాయన ఎప్పుడో పోయారు, కొడుకూ కోడలూ బాగానే చూసుకునీవారు. నేను రోజూ వెళ్ళి కూర్చునీదాన్ని. ఏదైనా చెప్తే కళ్ళతో వినీది. పెదాలు కదిలీవి. తిరిగి చెప్దామని పాపం, గాలే వచ్చీది. మాటాడ్డానికి నాకే భయమేసీది, చెప్పింది అందిందో లేదో తెలియక. ఇంతకాలం విసుక్కున్నాను కదా, ఇప్పుడు ఆ "అంతేనా?" కోసం చెవి కొట్టుకుపోయీది.

ఆ తరవాత ఎండాకాలం సుక్‌వారా ఊరు కదిలి రాలేదు. ఇంకో ఎండాకాలం వచ్చింది. సుక్‌వారా తెందూ పళ్ళ గంపతో ఆ గుమ్మంలో దిగింది. అప్పని మంచం మీద చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. తరవాత మంచం పక్కన కింద కూర్చుని, పండొకటి ఒలిచి, చిదిపి, పెదాలకి రాసింది. అప్పుడు చెప్పడం మొదలెట్టింది.

ఆ మీటింగు తరవాత సాహెబులు మళ్ళీ వచ్చారట. ఈసారి వైశాఖంలో, ఎండన పడి. వాగులో పైనించి కిందిదాకా నడిచారట. బండ దగ్గరా వంపు దగ్గరా తవ్వి చూశారట. ఆ రిపోర్టబ్బాయి దోసిలి పట్టి నీళ్ళు తాగాడట. కాయితం వచ్చి నెలైందట. అది చెప్పడానికే గంప సగం నిండకుండానే రైలెక్కిందట. ఏమొచ్చిందో అంతా చెప్పింది. చెప్పి, ఆగింది.

ఆగి, లేవదే! అప్ప మొహంలోకి చూస్తూ అలాగే కూర్చుంది. నాకు కాసేపటికి గానీ తట్టలేదు. తిరిగి చెప్తుందని ఎదురు చూస్తోంది. తిరిగి చెప్పకపోతే కబురు అందనట్టే కదా ఆవిడకి. అప్ప పెదాలు కదుల్తున్నాయి. కళ్ళలోంచి నీళ్ళు.

నాకింక ఆగలేదు. నేనందుకున్నాను. గొంతుక చక్కబెట్టుకుని, హిందీలో గట్టిగా చెప్పాను. "వాగు మొత్తం వదిలీసారు. గేస్ వాళ్ళు వెళ్ళిపోయారు. మీ భూమి మీకుండిపోయింది. అంతేనా?" మనిషి అలాగ మంచంలో ఉంది కదా, మంచి కబురే వినిపించాలనిపించింది నాకు.

దుప్పటి కదిలింది. అప్ప ఎడం చెయ్యి. ఆ చెయ్యి ఎప్పుడూ వాడలేదు ఈ పనికి. దుప్పటి మీంచి మెల్లిగా చూపుడువేలు లేచింది.

సుక్‌వారా నా వైపు తిరిగింది. "కాదు బాయీ. నేనలా చెప్పలేదు. వాగూ, రెండు గట్లూ లీజులోంచి తీసీసారు. అది నిజం. గేస్ వాళ్ళు వెళ్ళలేదు. గట్టవతల మేత భూమిలో బోర్లు వేస్తారు. మా పశువుల్ని ఇంక చుట్టు తిప్పి తోలుకోవాలి."

అప్ప అంతా విందన్నమాట! మాటలో మాట. నేను మధ్యలో తీపి కలిపితే పట్టీసుకుంది. నాకు సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది. మళ్ళీ చెప్పాను, ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని. "వాగూ, రెండు గట్లూ మీకే ఉన్నాయి. మేత భూమి పోయింది. బోర్లు పడతాయి. పశువులు చుట్టు తిరిగి వెళ్ళాలి. అంతేనా?"

"హౌ" అంది సుక్‌వారా.

వేలు దిగింది. నోరు ఒక పక్కకి లాగీసి ఉన్నా సరే, అది నవ్వే. ఆ "ఆఁ! అదీ!" నాకు చప్పుడు లేకుండానే వినిపించింది.

తరవాత వానలొచ్చాయి, ఆవిడ వెళ్ళిపోయింది. మొన్న సుక్‌వారా తమ్ముడి ఫోన్లోంచి మాటాడింది, మొన్నటి ఎండలకి నీళ్ళెక్కడ తీసుకున్నారని నేనే అడిగాను. ఈ వైశాఖంలో బూరుగు చెట్టు దగ్గర తవ్వితే ఒట్టి ఇసకేనట. ఆ ఎర్ర సున్నాలో చుక్క లేదు. చాలా కిందికి వెళ్ళి, వాళ్ళ అమ్మ తీసిన ఆ వంపులోనే తీసుకున్నారట. నేనదంతా ఆవిడకి తిరిగి చెప్పాను. రెండు తప్పులు పట్టుకుంది.

ఇదీ మీ అమ్మమ్మ మతిమరుపు.

ఇప్పుడు మీ వంతు. చిట్టీ, నువ్వు ముందు. తరవాత బుజ్జిగాడు. అమ్మమ్మ ఏటి చెప్పిందో మీ మాటల్లో రికార్డు చేసి పంపండి. సగం హిందీలో చెప్పినా పర్లేదు. తప్పు చెప్పినా పర్లేదు, తప్పు చెప్తేనే నాకు మరీ సరదా. ఊఁ ఊఁ అని మాత్రం పంపకండి. ఇక్కడ నేను వేలెత్తి కూర్చున్నాను.